సిగ్గా, బయమా, మొగమాటమా?

‘హెజిటేట్’ అనే ఒక్క ఇంగ్లిషు మాట మన నోట్లోకి దూరి అరడజను తెలుగు మాటలను మింగేసింది. తమిళనాడు అంచున, మూడు భాషల నడుమ బతికే హోసూరులో నిలబడి చూస్తే ఆ లోటు ఎంతో తెలుస్తుంది.

హోసూరు బస్టాండులో కొత్త మనిషిని పలకరించే ముందు ఊరివాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. ఎదుటి మనిషి ఏ భాషవాడో తేలాలి కదా. బెంగళూరు బస్సు దిగితే కన్నడం కావచ్చు. సేలం బస్సు కోసం చూస్తుంటే తమిళం కావచ్చు. బాగలూరు బస్సు పక్కన మూట దించుకుంటుంటే మనవాడే కావచ్చు. కట్టు ఎలా ఉంది, చేతిలో ఏ పేపరుంది, ఫోనులో ‘హలో’ తర్వాత ఏ మాట పడింది, ఇవన్నీ ఆ క్షణంలోనే చూసేస్తారు. ఆ తర్వాతే నోరు తెరుస్తారు. లెక్క తప్పితే రెండో మాటకల్లా భాష మార్చేస్తారు. చూసేవాళ్లకు ఇది తడబాటులా ఉంటుంది. పుట్టి పెరిగిన మాకు ఇది శ్వాస పీల్చుకోవడం లాంటిది.

ఆ క్షణానికి పేరొకటి ఉండాలని నాకెప్పుడూ తోచలేదు. తోచేలా చేసింది మా మేనకోడలు.

పోయిన సంక్రాంతికి అక్క ఇంట్లో అందరం కలిశాం. పిల్ల ప్లస్ టూ చదువుతోంది. తమిళం ధారగా మాట్లాడుతుంది, తప్పుల్లేకుండా రాస్తుంది. ఇంగ్లిషు బడి భాష. కన్నడం పక్కింటి నుంచీ టీవీలోంచీ వచ్చేసింది. ఇంట్లో మాతో తెలుగే. కానీ కుప్పం అవతల నుంచి వచ్చిన చుట్టాలు పలకరిస్తే చాలు, ఏదో పనున్నట్టు గదిలోకి వెళ్లిపోతోంది. ఎందుకమ్మా అంటే, "వాళ్ల ముందర తెలుగు మాట్లాడేకి హెజిటేట్ అవుతాది మామా" అంది.

తెలుగు గురించి తెలుగులోనే చెప్పింది, ఆ ఒక్క మాట తప్ప.

"హెజిటేట్ అంటే?"

"అంటే... హెజిటేటే."

పక్కన కూర్చుని అనపకాయలు ఒలుస్తున్న మా అమ్మ తలెత్తకుండానే అడిగింది. "సిగ్గా, బయమా, మొగమాటమా? ఏదో ఒగటి చెప్పు పాప."

పిల్ల దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. పితకపప్పు కూర తిని బెంగళూరు బస్సెక్కాను గానీ ఆ ప్రశ్న మాత్రం నాతోనే వచ్చింది.

బంక సీసా చుట్టరికం

ముందు ఆ ఇంగ్లిషు మాట సంగతి చూద్దాం. హెజిటేట్ పుట్టిల్లు లాటిన్. అక్కడ ‘హెరెరే’ అంటే అంటుకుపోవడం, పట్టుకుని వదలకపోవడం. దాన్నుంచి వచ్చిన ‘హెసిటారే’ అంటే మాటిమాటికీ అంటుకుపోవడం. బురదలో కాలు దిగబడి, పైకి లాగితే మళ్లీ దిగబడినట్టు. ఫెవికాల్ డబ్బా మీద కనిపించే ‘అడ్హెసివ్’ దీనికి అక్కచెల్లెలు. పొందికగా మాట్లాడితే మెచ్చుకునే ‘కోహెరెంట్’ కూడా ఆ ఇంటిదే. 17వ శతాబ్దంలో ఈ క్రియ ఇంగ్లిషులో చేరింది. బంక సంగతి ఇంగ్లిషువాళ్లే మరిచిపోయి చాలా కాలమైంది.

ఇప్పటి వాడుకలో హెజిటేట్ అంటే పని చేయబోయే ముందు ఒక ఆగుడు. అది చిన్నదిగా ఉండాలి. తలుపు కొట్టబోయి చెయ్యి గాలిలో ఆగిందే, అది హెజిటేషన్. ఏడాదిగా కొడదామా వద్దా అని ఊగుతున్నవాడికి ఇంగ్లిషులో వేరే మాటలున్నాయి. అటూ ఇటూ ఊగితే ‘వేవర్’. ఊగడమే అలవాటైపోతే ‘వేసిలేట్’. కంగారులో ఏమీ తేల్చుకోలేకపోతే ‘డిదర్’. ఇంకో తేడా కూడా ఉంది. హెజిటేట్ చేసినవాడు చివరికి ఆ పని చేసినా చేయవచ్చు, మానినా మానవచ్చు. ఆ మాట ఏదీ తేల్చదు. ‘బాక్’ అంటే మాత్రం మొరాయించడమే.

ఈ ‘బాక్’ సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ మాట మొదటి అర్థం దున్నకుండా వదిలేసిన గట్టు, రెండు చాళ్ల నడుమ మిగిలిన మిట్ట. దాటాల్సింది ఎదురైనప్పుడు గుర్రం టక్కున ఆగిపోవడం తర్వాత వచ్చిన అర్థం. మడి గట్టు దగ్గర నిలబడిపోయి ఎంత అదిలించినా కదలని కాడెద్దును చూసినవాళ్లకు ఇది నిఘంటువు లేకుండానే అర్థమవుతుంది. ‘స్క్రూపుల్’ ఇంకా ముచ్చటైనది. లాటిన్‌లో దానర్థం మొనదేలిన చిన్న రాయి. మనసు ఒప్పక వెనక్కి లాగడం అనే అర్థం అందులోంచే వచ్చింది. చెప్పులో రాయి బాధ వేమనకు కూడా తెలుసు. ఇక ‘డెమర్’ అంటే నోటితో చిన్నగా అభ్యంతరం చెప్పి ఆగడం. లారీల వాళ్లకు, గూడ్స్ షెడ్డు వాళ్లకు దాని చుట్టం బాగా తెలుసు. సరుకు దించడం ఆలస్యమైతే కట్టించుకునే ‘డెమరేజ్’. ఆలస్యం అనే ఒక్క వేరుకు కాసినవే ఈ రెండూ. హోసూరు ఫ్యాక్టరీ గేట్ల ముందు రోజుకు ఎన్నిసార్లు ఆ మాట వినపడుతుందో!

అంటే ఇంగ్లిషుకు ఆగుళ్లు చాలా ఉన్నాయి. మనమే ఒక్కదాన్ని అరువు తెచ్చుకుని అన్నిటికీ వాడుతున్నాం.

‘డోంట్ హెజిటేట్’ ఉత్తరం

నా మొదటి ఉద్యోగం సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఒక చిన్న విడిభాగాల కంపెనీలో. చేరిన రోజు ఇచ్చిన కాగితం చివర ‘ప్లీజ్ డోంట్ హెజిటేట్ టు కాంటాక్ట్ మీ’ అని ఉంది. కింద మేనేజరు సంతకం. పల్లెటూరి బడిలో చదివొచ్చిన నేను ఆ వాక్యాన్ని నమ్మాను. మూడో రోజే ఓవర్‌టైం లెక్క ఎలా కడతారో అడుగుదామని ఆయన గదిలోకి వెళ్లాను. ఆయన నన్నూ, తలుపునూ మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత ఆ కంపెనీలో ఉన్న 14 నెలల్లో ఆ గది గడప తొక్కలేదు.

ఇంగ్లిషులో హెజిటేట్ ఒంటరిగా తిరగడం తక్కువ. పక్కన ‘కాదు’, ‘వద్దు’ అనే తోడు లేకపోతే దానికి ఊపు రాదు. ‘ఆగకండి’ అనడానికో, ‘అతను ఆగలేదు’ అని మెచ్చుకోవడానికో, ‘మేము ఆగం’ అని బెదిరించడానికో అది ఎక్కువగా పనికొస్తుంది. ఆఫీసు ఉత్తరం చివర వచ్చే ‘డోంట్ హెజిటేట్’ నిజానికి పిలుపు కాదు. ఉత్తరం అయిపోయిందని చెప్పే గంట. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక మన వాడుక. ‘హెజిటేట్ అవుతున్నా’, ‘హెజిటేట్ ఫీలవ్వకండి’, ‘హెజిటేషన్‌గా ఉంది’. ఇంగ్లిషులో ఇది చేసే పని, మనసులో కలిగే భావం కాదు. అందుకే ‘హెజిటేట్ ఫీల్’ అక్కడ కుదరదు. తెలుగులో మాత్రం అది కలిగేది, పట్టేది, అయ్యేది. సిగ్గు వేస్తుంది, భయం వేస్తుంది, మొగమాటం పడతాం. ఆ అచ్చులోనే హెజిటేట్‌ను పోసి ‘అవుతాది’ అన్నాం. తప్పు పట్టేవాళ్లు పట్టనీ. వ్యాకరణం మనదే, సరుకు మాత్రం పరాయిది. నా గొడవ సరుకుతోనే.

మనకున్న ఆగుళ్లు

ఇక్కడ ఒక పని చేద్దాం. రోజూ చదివే పేపరునే తీసుకుందాం.

‘కఠిన చర్యలు తీసుకోవడానికి వెనుకాడబోమని కలెక్టర్ హెచ్చరించారు.’ తెలుగు పేపరు చదివే ఎవరికైనా ఈ వాక్యం బట్టీ. ఇక్కడ ‘మొహమాటపడబోమని’ అని పెట్టి చూడండి, కలెక్టర్ భోజనానికి వచ్చినట్టుంటుంది. పెళ్లి పంక్తిలో ‘వెనుకాడకుండా వడ్డించుకోండి’ అంటే యుద్ధానికి పిలిచినట్టుంటుంది. అక్కడ ‘మొహమాటపడకండి’ అనే అనాలి. ఆసుపత్రి ప్రకటనలో ‘సంకోచించకుండా సంప్రదించండి’ అని వేస్తారు. ఫైలు కదలకపోతే ‘మీనమేషాలు లెక్కిస్తున్నారు’. మంత్రి జవాబు చెప్పలేకపోతే ‘నీళ్లు నమిలారు’. అప్పు అడిగితే బావమరిది ‘నసిగాడు’. పిల్ల నచ్చిందో లేదో చెప్పని పెళ్లికొడుకు ‘ఊగిసలాడుతున్నాడు’. రాత్రిపూట చెరువు గట్టు మీద నడవడానికి ‘జంకాడు’. సాక్షి బోనులో పేరు చెప్పడానికి ‘తటపటాయించాడు’. ఇన్ని చోట్లా ఇంగ్లిషువాడు హెజిటేట్ ఒక్కటే పెట్టి నెట్టుకు రాగలడు. మనం ఒకదాని చోట ఇంకొకటి పెడితే వినేవాడు నవ్వుతాడు.

ఎందుకంటే మన మాటల్లో ఒంట్లో ఏ భాగం ఆగిందో తెలిసిపోతుంది. వెనుకాడటం, వెనుకంజ వేయడం కాలి పని. ‘అంజ’ అంటే అడుగే. మొగమాటంలో మొగమే ఉంది. ఎదుటివాడి మొగం చూసి మన మాట మింగేయడం. నసగడం, నీళ్లు నమలడం నోటి పని. నీళ్లను నమిలేదేముంది! నమలాల్సింది లేదని తెలిసీ దవడలాడించడమన్న మాట. కురుక్షేత్రంలో ధర్మరాజు ఏనుగు సంగతి గొంతు తగ్గించి చెప్పాడే, మన పురాణాల్లో అంతకు మించిన నసుగుడు నాకు కనపడలేదు. తటపటాయించడంలో అయితే శబ్దమే చాలు, అడుగు ముందుకీ వెనక్కీ పడుతున్నట్టుంటుంది. మీనమేషాలది ఇంకో కత. రాశుల్లో మీనం చివరిది, మేషం మొదటిది. చక్రం తిరిగొచ్చేసరికి రెండూ పక్కపక్కనే. పక్కపక్కనున్న రెంటిని లెక్కపెట్టేకి పంచాంగం తిరగేసేవాడికి ఎంత తీరికో.

సంకోచం సంస్కృతం నుంచి వచ్చింది. ముడుచుకోవడం అని అర్థం. తెలుగు మీడియంలో సైన్సు చదివినవాళ్లకు ఇది ముందు ఇనుము గురించే తెలుస్తుంది. వేడికి వ్యాకోచం, చలికి సంకోచం, అందుకే రైలు పట్టాల మధ్య సందు. మనిషి కూడా అంతే, తన వేడి తగలని చోట ముడుచుకుంటాడు. నలుగురు పెద్దవాళ్లున్న గదిలో కుర్చీ అంచున కూర్చునే కుర్రాడిని చూస్తే ఈ మాటను ఇనుము నుంచి మనిషికి ఎవరు తెచ్చారో గానీ చక్కగా తెచ్చారనిపిస్తుంది.

పక్కింటి భాషలను అడిగితే

హోసూరు అన్న పేరే కన్నడం. ‘హొస ఊరు’, కొత్త ఊరు. పాలన తమిళం. చుట్టుపట్ల పల్లెల్లో ఇంటి మాట చాలామందికి తెలుగు. బజారులో ఉర్దూ వినని రోజుండదు. ఈ సీమకు పాత పేరు మొరసునాడు. ఆ పేరు కన్నడ దేశంలోకి కూడా సాగుతుంది. 1953లో ఆంధ్ర విడిపోయింది. 1956లో భాషల లెక్కన మైసూరు గీతలు మారాయి. సేలం జిల్లాలో ఉన్న హోసూరు రెండుసార్లూ మద్రాసు రాష్ట్రంలోనే నిలిచింది. 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కొత్తగా పుట్టిన క్రిష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. ఊరు కదలలేదు, గీతలు కదిలాయి. బెంగళూరు 40 కిలోమీటర్లు. అరగంటలో కన్నడ దేశం, రెండు గంటల్లో ఆంధ్ర.

ఇక్కడ ఆగడానికి తమిళులు ‘తయంగు’ అంటారు. నామవాచకం ‘తయక్కం’. బట్టల కొట్టులో ‘తయంగామ కేళుంగ’ అన్నారంటే మొగమాటం లేకుండా అడగమని. కన్నడిగులది ‘హింజరి’, ‘హిందేటు’. రెండిట్లోనూ వెనక అనే అర్థం దాగుంది. మన వెనుకాడటానికి సొంత బంధువులు. ‘అళుకు’ అనే మాట కన్నడంలో ఇప్పటికీ నిగనిగలాడుతోంది. మన నిఘంటువుల్లో కూడా ఉంది గానీ నోట్లోంచి జారిపోయింది. ఉర్దూవాళ్లది ‘జిజక్’.

నాకు ఒకటి గమ్మత్తుగా తోస్తుంది. లాటిన్‌వాడు ఆగితే కాలు నేలకు అంటుకుపోతుంది. మనమూ కన్నడిగులూ ఆగితే కాలు వెనక్కి పడుతుంది. అక్కడ ఆగినవాడు ఉన్నచోటే ఉన్నాడు. ఇక్కడ ఆగినవాడు ఒక అడుగు పోగొట్టుకున్నాడు. భాషల స్వభావాలను ఒక్క మాటతో తేల్చేయడం పాపమని తెలుసు. కానీ హోసూరు తెలుగువాడి సంగతిలో ఈ తేడా నాకు పనికొచ్చింది, ముందు ముందు చెబుతాను.

‘నా పేరొచ్చి...’

మాట మధ్యలో వచ్చే ఆగుడు వేరే రకం. దాన్ని తూచి చూసినవాళ్లున్నారు. 1959లో హోవర్డ్ మెక్లే, చార్లెస్ ఆస్గుడ్ అనే ఇద్దరు అమెరికన్లు ఒక సదస్సులో పండితులు మాట్లాడిన మాటల రికార్డులు పెట్టుకుని ఎక్కడెక్కడ ఆగారో లెక్కతీశారు. ఊరికే ఆగడం, ‘అం’ అని ఆగడం, అన్నమాటే మళ్లీ అనడం, మొదలుపెట్టి వదిలేయడం, ఇలా నాలుగు రకాలు పట్టుకున్నారు. మహా పండితులు కూడా మనలాగే తడబడతారని తేలింది. ఇంగ్లండులో ఫ్రీడా గోల్డ్‌మన్ ఐస్లర్ ఏళ్ల తరబడి ఇదే పని చేసి, ఊహకందని మాట రాబోతున్నప్పుడే మనిషి ఎక్కువగా ఆగుతాడని చూపించింది. అరిగిపోయిన మాటకు ఆగక్కర్లేదు, కొత్త మాటకే ఆగాలి. 2002లో హెర్బర్ట్ క్లార్క్, జీన్ ఫాక్స్ ట్రీ ఇంకో అడుగు వేశారు. ‘అ’ అంటే కాస్త ఆగుతాను, ‘అం’ అంటే ఇంకొంచెం ఎక్కువ ఆగుతాను, ఇవి నోరు జారిన చప్పుళ్లు కావు, ఎదుటివాడికి చేసే సైగలు అన్నారు.

మన సైగలు మనకున్నాయి. ‘అదీ...’, ‘అంటే...’, ‘ఏమంటే...’, ‘మరే...’. తమిళుల సైగ ‘వందు’. వచ్చి అని అర్థం, కానీ ఎవరూ ఎక్కడికీ రారు. ‘అదు వందు...’ అని ఒక మాట ఖాళీగా పెట్టి ఊపిరి తీసుకుంటారు. తమిళం పక్కన బతికే తెలుగు దాన్ని అలాగే దించుకుంది. ‘నా పేరొచ్చి’, ‘అది వచ్చి’, ‘మా ఊరొచ్చి’. చిత్తూరు దిక్కున వినొచ్చు, మద్రాసులో వినొచ్చు, మా దగ్గర ప్రతి ఇంట్లో వినొచ్చు. కోస్తా నుంచి వచ్చిన చుట్టాలు ముందు నవ్వేది దీనికే. ‘పేరు ఎక్కడికి వచ్చిందండీ?’

మా మేనకోడలు గదిలోకి వెళ్లిపోయింది ఈ నవ్వు చూసే. తర్వాత వారం ఫోన్ చేసి అడిగితే ఒప్పుకుంది. భాష రాక ఆగలేదు. తన తెలుగు వాళ్ల తెలుగు కాదని ఆగింది. సినిమాల్లో, టీవీలో వినపడే తెలుగుతో కొలుచుకుంటే తనది పొట్టిగా అనిపించింది. ‘చేసేకి’, ‘పొయ్యేకి’ అంటే పల్లెటూరిదనుకుంటారట. అనంతపురం వాళ్లు కూడా అలాగే అంటారని చెబితే ఆశ్చర్యపోయింది.

మా అమ్మ అడిగిన మూడింట్లో అది సిగ్గు. భయం కాదు, మొగమాటం అసలే కాదు. ‘హెజిటేట్’ అని ఊరుకుంటే దానికి మందు లేదు. సిగ్గు అని తెలిస్తే ఉంది. నవ్వే చుట్టాలకు నాలుగు చీవాట్లు పెట్టాలి. నేను పెట్టాను.

ఆ రకాలన్నీ ఇక్కడే

అప్పటి నుంచి హోసూరులో తెలుగు దగ్గర ఎవరు ఆగినా, అది ఏ రకమో అని చూడటం నాకు అలవాటైంది.

బస్టాండులో ఆగేది మొగమాటం. ఎదుటివాడి మొగం చూసి భాష ఎంచుకోవడం. ఇది మంచిది. ఇలాంటి మర్యాద దేశంలో ఎన్ని ఊళ్లకు దొరుకుతుంది? రాయకోట రోడ్డులో ఒక పూల దుకాణం ముందు పావుగంట నిలబడితే, గులాబీ కట్ట ధర నాలుగు భాషల్లో వినొచ్చు. దుకాణదారుడి ఇంటి భాష ఏదో మీకు చివరిదాకా తేలదు.

బడిలో ఆగేది వేరు. 2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఆ ఏటి ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి చేస్తూ పోయారు. 2015-16కు అది పదో తరగతికి చేరింది. అంతకు ముందు తెలుగునో, కన్నడాన్నో, ఉర్దూనో మొదటి భాషగా చదివిన పిల్లలకు ఇప్పుడు ఆ చోట తమిళం. ఇంటి భాష కావాలంటే ఐచ్ఛికంగా చదువుకోవచ్చు. మైనారిటీ భాషల వాళ్లు కోర్టుకెళ్లారు. 2016లో మద్రాసు హైకోర్టు, 2023లో సుప్రీంకోర్టు ఆయా ఏటి పరీక్షల్లో తమిళం రాయకుండా పిల్లలకు ఊరట ఇచ్చాయి. ఊరట అంటే వాయిదా.

ఉన్న రాష్ట్రపు భాష నేర్వాలనడంలో తప్పు నాకు కనపడదు. తమిళం రాకపోతే హోసూరు పిల్ల క్రిష్ణగిరి కలెక్టరాఫీసులో ఒక అర్జీ కూడా పెట్టుకోలేదు. అసలు తమిళం చదవమంటే వద్దన్న తెలుగువాడిని నేను ఇక్కడ చూడలేదు. కానీ ఐచ్ఛికం అని ఏ సబ్జెక్టు పెట్టినా ముందు జారిపోయేది అదే. అమ్మానాన్నలు ట్యూషను ఖర్చు లెక్క వేసేటప్పుడు కొట్టేసే మొదటి గీత దాని మీదే పడుతుంది. పిల్లను తెలుగులో చేర్చాలా వద్దా అని బడి గుమ్మంలో ఆగే తండ్రిది జంకు. మార్కులు పోతాయని, దోవ మూసుకుపోతుందని. ఇది నిజమైన భయం, దీన్ని ఎగతాళి చేయడానికి హైదరాబాదులో కూర్చున్నవాళ్లకు హక్కు లేదు. తమ పిల్లలను ఏ మీడియంలో చేర్చారో వాళ్లు ముందు చెప్పాలి.

మాట మార్చుకోవడం వేరు, ఊగిసలాడటం వేరు అని చెప్పడానికి ఈ సీమలోనే ఒక పెద్దమనిషి ఉన్నాడు. హోసూరు పక్క తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ. 1937లో మద్రాసు ప్రధాని (ఇప్పటి లెక్కన ముఖ్యమంత్రి) అయ్యాక బడుల్లో హిందీ పెట్టించింది ఆయనే. ఇరవై ఏళ్లు తిరిగేసరికి హిందీని రుద్దవద్దని అందరికంటే గట్టిగా వాదించిందీ ఆయనే. రెండుసార్లూ గొంతు తగ్గించలేదు. ఆయనతో ఒప్పుకోకపోవచ్చు, నసిగాడని మాత్రం ఎవరూ అనలేరు.

ఇక వెనుకాడనివాళ్లు. హోసూరు నుంచి మూడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన కె. గోపీనాథ్ 2011లో ఎన్నికైన శాసనసభలో తెలుగు పిల్లల చదువు గురించి తెలుగులోనే మాట్లాడారు. ముఖ్యమంత్రి జయలలిత లేచి తెలుగులోనే జవాబిచ్చారు. ద్రావిడ రాజకీయాల గడ్డ మీద, తమిళ శాసనసభలో, ఇద్దరూ ఆగలేదు. అదే గోపీనాథ్ 2024లో క్రిష్ణగిరి నుంచి లోక్‌సభకు గెలిచారు. జూన్‌లో రాజ్యాంగ ప్రతి చేతిలో పట్టుకుని తెలుగులో ప్రమాణం చేశారు. చివర తమిళనాడుకు జై కొట్టారు. తెలుగు టీవీలు ఆ ప్రమాణాన్ని గొప్పగా చూపించాయి, ఆ చివరి మాటను అంతగా పట్టించుకోలేదు. మా ఊరివాళ్లకు మాత్రం రెండూ కలిస్తేనే అది ప్రమాణం. తెలుగు మాట్లాడటమంటే తమిళనాడుకు దూరం జరగడం కాదని ఇక్కడివాళ్లు ఎప్పటికప్పుడు రుజువు చేసుకోవాల్సి వస్తుంది. విసుగొచ్చే పనే. కానీ ఆయన దాన్ని ఒక్క ఊపిరిలో చేశారు.

లాటిన్ కాలు అన్నాను కదా. తెలుగు బడి లేని, బోర్డు లేని, పేపరు సాయంత్రానికి గానీ అందని ఊళ్లు శూళగిరి, వేపనపల్లి, బేరికె దిక్కున ఎన్నో ఉన్నాయి. అక్షరం రాని ముసలివాళ్లు, అక్షరాలు తమిళంలో నేర్చిన పడుచువాళ్లు అక్కడ తెలుగులోనే పోట్లాడుకుంటారు, తెలుగులోనే పాలు పిండుతారు. కొందరు తెలుగు పాటలను తమిళ లిపిలో రాసుకుని పాడుకుంటారు. ‘మొరసునాడు కథలు’ పేరుతో ఈ సీమ కతలు పొత్తంగా కూడా వచ్చాయి. వీళ్లను చూసి బయటివాళ్లు ‘తెలుగు చెప్పుకోవడానికి వెనుకాడుతున్నారు’ అంటుంటారు. కాలు వెనక్కి పడలేదు. నేలకు అంటుకునే ఉంది. ఆ లాటిన్ అర్థంలో అయితే వీళ్లు నూటికి నూరుపాళ్లు ‘హెజిటేట్’ అవుతున్నవాళ్లే.

గడి దగ్గర

అన్నిటికంటే నన్ను కలవరపెట్టే ఆగుడు ఇంకొకటి. ఏ ఫారంలోనైనా ‘మాతృభాష’ అనే గడి దగ్గర పెన్ను ఆగడం. సిగ్గూ కాదు, భయమూ కాదు. ‘ఏది రాస్తే పిల్లకు మేలు?’ అనే లెక్క. ‘తమిళం రాస్తే పోదా, వచ్చు కదా’ అనే సర్దుబాటు. మీనమేషాల్లో ఇది చేరుతుందేమో. మా ఇంట్లోనే మా బావ ఒక దరఖాస్తులో తమిళం అనీ, ఇంకోదాంట్లో తెలుగు అనీ రాశాడు. అడిగితే, "రెండూ నిజమే కదప్పా" అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

జవాబు జనాభా లెక్కల వాళ్ల దగ్గరుంది. వాళ్లు మాతృభాష అంటే నీకు బాగా వచ్చిన భాష అనరు, నువ్వు చదివిన భాష అనరు. చిన్నప్పుడు నీ తల్లి నీతో మాట్లాడిన భాష అంటారు. నీ పసితనంలోనే తల్లి పోతే, చిన్నప్పుడు ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. ఆ తర్వాత వచ్చిన ఇంకో రెండు భాషలు రాయించుకోవడానికి వేరే ప్రశ్న ఉంది. తమిళం అక్కడ రాయొచ్చు, కన్నడం రాయొచ్చు. ఎవరికీ అన్యాయం జరగదు. 2011 లెక్కల్లో క్రిష్ణగిరి జిల్లా జనాభా దాదాపు 18.8 లక్షలు. దేశం మొత్తం మీద తెలుగును మాతృభాషగా చెప్పినవాళ్లు 8.11 కోట్లు. నాలుగో స్థానం. ఆ సంఖ్యలో గడి దగ్గర పెన్ను ఆగినవాళ్లు లేరు.

పదహారేళ్ల తర్వాత మళ్లీ లెక్క వస్తోంది. కేంద్రం ప్రకటించిన ప్రకారం దేశంలో చాలా భాగానికి దాని ప్రమాణ తేదీ 2027 మార్చి 1. బడిలో ఏ భాష ఉండాలి, ఆఫీసులో ఏ బోర్డు ఉండాలి అనే వాదనలన్నీ ఆ తర్వాత ఆ అంకెల మీదే నడుస్తాయి. హోసూరు, తళి, దేన్‌కనికోట, శూళగిరి, వేపనపల్లి, బాగలూరు, కెలమంగలం దిక్కుల చదువరులకు ఒక మనవి. లెక్కలవాళ్లు ఇంటికొచ్చి మాతృభాష అడిగినప్పుడు మీ అమ్మ మీకు జోల ఏ భాషలో పాడిందో ఆ పేరే చెప్పండి. తమిళమైతే తమిళం, కన్నడమైతే కన్నడం. తెలుగైతే మూడే అక్షరాలు.